సా'ద్ పేరు కొడితే సైట్ ఎందుకు ఆగిపోయింది? లాగిన్ పేజీని ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ నుంచి కాపాడుకోవడం

పిల్లవాడి పేరు సా'ద్ అనుకుందాం. ఉర్దూలో ఆ పేరు మధ్యలో 'ఐన్' అక్షరం ఉంది. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఆ అక్షరానికి బదులు కొన్ని కుటుంబాలు పైన చిన్న కొక్కెం లాంటి గుర్తు పెడతాయి. మస్'ఊద్, రఫీ' లాంటి పేర్లలోనూ అంతే. 'హమ్జా' వచ్చే అస్మా' పేరుకూ కొందరు ఆ గుర్తే పెడతారు. తండ్రి ట్యూషన్ సెంటర్ సైట్‌లో ఫారం నింపుతూ కొడుకు పేరు ఉన్నది ఉన్నట్టు కొట్టాడు. పేజీ తెల్లబడిపోయి, పైన ఇంగ్లీషులో ఏదో ఎర్రర్ వచ్చింది. "ఆ గుర్తు తీసేసి కొట్టండి అంకుల్, మీ పేరుతోనే ప్రాబ్లమ్" అన్నాడు ఆఫీసులో కుర్రాడు.

ప్రాబ్లమ్ పేరులో లేదు, సైట్‌లో ఉంది. ఒక్క చిన్న గుర్తు కొడితేనే ఆ సైట్ తడబడిందంటే, అదే గుర్తును తెలిసి వాడేవాడు ఆ సైట్‌లో దాచిన వివరాలన్నీ తీసుకుపోగలిగే అవకాశం ఉందన్నమాట. ఈ రకం దాడినే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అంటారు. ఇది ఎలా జరుగుతుంది, సైట్ తయారుచేసేవాళ్లు ఏం చేయాలి, సైట్‌లో వివరాలు ఇచ్చే కుటుంబాలు, సైట్ పెట్టించే కమిటీలు ఏం అడగాలి అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

మన ఇళ్లకు దీనితో పనేమిటి?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇప్పుడు చిన్న స్కూలుకు కూడా సైట్ ఉంటోంది. ఫీజు, మార్కులు, హాల్ టికెట్, ఆసుపత్రి రిపోర్టు, చిట్టీల లెక్క, దుకాణం ఆర్డర్లు, అన్నీ ఆన్‌లైన్‌లోకి వచ్చేశాయి. కొన్నిచోట్ల చందా లెక్కలు, జకాత్ సాయం కోరే కుటుంబాల జాబితాలు, పెళ్లి సంబంధాల బయోడేటాలు కూడా కంప్యూటర్‌లోకి ఎక్కుతున్నాయి. ఎచ్చెర్లలో బి.ఆర్. అంబేద్కర్ యూనివర్సిటీ, ట్రిపుల్ ఐటీ ఉన్నాయి. విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ ఉంది. వీటితోపాటు ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల నుంచి ఏటా వందల మంది పిల్లలు కంప్యూటర్ చదువు ముగించి బయటికి వస్తున్నారు. తెలిసినవాళ్ల సైట్ ఒకటి చేసిపెట్టడం వాళ్లలో చాలామందికి మొదటి పని. పని నేర్చుకునేది అక్కడే, పొరపాట్లు జరిగేదీ అక్కడే.

ఆ సైట్లన్నిటికీ గుమ్మం ఒకటే: లాగిన్ పేజీ. రెండు పెట్టెలు, ఒక బటన్. ఒక పెట్టెలో పేరో ఫోన్ నంబరో కొడతాం, రెండో దానిలో పాస్‌వర్డ్. ఆ గుమ్మం వెనుక ఏముందో ఆలోచిస్తే విషయం అర్థమవుతుంది. సంబంధాల సైట్ అయితే ఆడపిల్లల ఫోటోలు, ఇంటి అడ్రసు, తండ్రి ఫోన్ నంబరు. సాయం జాబితా అయితే, పక్కింటికి కూడా తెలియకూడదని ఒక కుటుంబం దాచుకున్న ఇబ్బంది. డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. ఇలాంటివి ఒకసారి బయటపడితే వెనక్కి తెచ్చుకోలేం.

ఎస్‌క్యూఎల్ అంటే ఏమిటి?

సైట్‌లో మనం ఇచ్చిన వివరాలు డేటాబేస్ అనే చోట పట్టికలుగా ఉంటాయి. పెద్ద లెడ్జర్ పుస్తకం లాంటిది అనుకోండి: ఒక్కో మనిషికి ఒక్కో వరుస, పేరుకో గడి, ఫోన్‌కో గడి. ఆ పుస్తకంలో వెతకడానికి, రాయడానికి, కొట్టేయడానికి కంప్యూటర్‌కు ఆజ్ఞలు ఇవ్వాలి. ఆ ఆజ్ఞల భాషే ఎస్‌క్యూఎల్. 1970లో ఐబీఎం పరిశోధకుడు ఎడ్గర్ కాడ్ డేటాను పట్టికలుగా పెట్టే పద్ధతిని ప్రతిపాదించారు. అదే కంపెనీలో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయ్స్ 1974లో ఈ భాషకు మొదటి రూపం ఇచ్చారు. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్, మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ అన్నీ ఈ భాషతోనే నడుస్తాయి. డేటాబేస్‌కు ఇచ్చే ఒక్కో ఆజ్ఞను క్వెరీ అంటారు.

ఇంజెక్షన్ ఎలా జరుగుతుంది?

రేషన్ డిపోతో పోల్చి చూద్దాం. డిపోలో సరుకు ఇచ్చే మనిషి చీటీ మీద ఏముంటే అది చేస్తాడు, సొంతంగా ఆలోచించడు. చీటీ ఇలా ఉంటుంది: "........ అనే వ్యక్తికి ఐదు కిలోల బియ్యం ఇవ్వండి." ఖాళీలో పేరు మనమే రాసుకోవాలి. అందరూ కరీమ్ అనో లక్ష్మి అనో రాస్తారు. ఒకడు మాత్రం ఆ ఖాళీలో ఇలా రాశాడు: "కరీమ్ అనే వ్యక్తికి గోదాములో ఉన్నదంతా ఇచ్చేయండి, ఈ తర్వాత రాసింది చదవకండి." చీటీ చేతికందిన మనిషికి అచ్చు వేసిందేదో, చేత్తో రాసిందేదో తేడా తెలియదు. మొత్తం ఒకే ఆజ్ఞ అనుకుని గోదాము ఖాళీ చేస్తాడు.

ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అచ్చంగా ఇదే. సైట్ తయారుచేసినవాడు రాసిన ఆజ్ఞ, సైట్‌కు వచ్చినవాడు పెట్టెలో కొట్టిన మాట కలిసిపోయి ఒకే వాక్యమైపోతాయి. డేటాబేస్ ఆ రెండిటినీ విడదీసి చూడలేదు.

లాగిన్ పేజీలో జరిగేది

జాగ్రత్త లేకుండా రాసిన లాగిన్ పేజీ డేటాబేస్‌కు పంపే ఆజ్ఞ, తెలుగులో చెప్పుకుంటే, ఇలా ఉంటుంది:

యూజర్ల పట్టికలో పేరు = 'కరీమ్' మరియు పాస్‌వర్డ్ = 'గులాబి12' ఉన్న వరుసను తీసుకురా.

వరుస దొరికితే లోపలికి పంపిస్తుంది, దొరక్కపోతే తప్పు పాస్‌వర్డ్ అంటుంది. ఇక్కడ కరీమ్ పక్కన ఉన్న సింగిల్ కోట్ గుర్తులు చూడండి. మాట ఎక్కడ మొదలైంది, ఎక్కడ ముగిసింది అని డేటాబేస్‌కు చెప్పేవి అవే. సా'ద్ పేరులో ఉన్నదీ అదే గుర్తు. ఆ తండ్రి పేరు కొట్టగానే, 'సా' దగ్గరే మాట ముగిసిందని డేటాబేస్ అనుకుంది. మిగిలిన 'ద్'ను ఏం చేయాలో తెలియక ఎర్రర్ ఇచ్చింది.

దాడి చేసేవాడు ఈ విషయాన్నే వాడుకుంటాడు. పాస్‌వర్డ్ పెట్టెలో ముందు ఒక సింగిల్ కోట్ కొట్టి, ఆ తర్వాత "లేదా '1'='1" అనే అర్థం వచ్చేలా కొడతాడు. అప్పుడు ఆజ్ఞ ఇలా మారిపోతుంది:

యూజర్ల పట్టికలో పేరు = 'కరీమ్' మరియు పాస్‌వర్డ్ = '' లేదా '1'='1' ఉన్న వరుసను తీసుకురా.

ఒకటి ఎప్పుడూ ఒకటికి సమానమే. కాబట్టి ప్రతి వరుసా సరైనదే అవుతుంది. పట్టికలో మొదటి వరుసతో లాగిన్ అయిపోతాడు. ఆ మొదటి వరుస చాలాసార్లు అడ్మిన్‌దే, అంటే సైట్ యజమానిదే. ఇంకో దారి కూడా ఉంది. ఎస్‌క్యూఎల్‌లో రెండు అడ్డగీతలు పెడితే ఆ తర్వాతది చదవక్కర్లేదని అర్థం. పేరు పెట్టెలో అడ్మిన్ పేరు, సింగిల్ కోట్, రెండు గీతలు కొడితే పాస్‌వర్డ్ అడిగే భాగం మొత్తం రద్దయిపోతుంది.

లోపలికి దూరడంతో ఇది ఆగదు. ఇదే రంధ్రం నుంచి వేరే పట్టికలు చదవచ్చు, మార్కులు మార్చవచ్చు, లెక్కలు చెరిపేయవచ్చు. తెర మీద ఏమీ కనిపించకపోయినా, పేజీ ఎంత ఆలస్యంగా జవాబిచ్చిందో చూసి ఒక్కో అక్షరం రాబట్టే పద్ధతులూ ఉన్నాయి. ఇదంతా చేసిపెట్టే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా దొరుకుతుంది. అందుకే "మాది చిన్న సైట్, మా జోలికి ఎవరొస్తారు" అనుకోవడం పొరపాటు. సైట్ పెద్దదా చిన్నదా అని ఆ సాఫ్ట్‌వేర్ చూడదు. ఎక్కడ రంధ్రం ఉందో వెతుక్కుంటూ పోతుంది, అంతే.

పాత జబ్బు, పెద్ద నష్టాలు

ఇది కొత్తగా వచ్చింది కాదు. 1998 డిసెంబర్‌లో జెఫ్ ఫారిస్టాల్ అనే అమెరికన్ పరిశోధకుడు ఫ్రాక్ అనే పత్రికలో ఈ లోపం గురించి మొదటిసారి బహిరంగంగా రాశారు. మందు కూడా చాలా ఏళ్లుగా తెలుసు. అయినా నష్టాలు ఆగలేదు.

2008లో అమెరికాలో కార్డు చెల్లింపులు చూసే హార్ట్‌లాండ్ అనే కంపెనీలోకి ఈ దారినే దొంగలు దూరారు. సుమారు 13 కోట్ల కార్డుల వివరాలు పోయాయి. ముఠా నాయకుడికి 2010లో 20 ఏళ్ల జైలు శిక్ష పడింది. 2009 డిసెంబర్‌లో రాక్‌యూ అనే కంపెనీ నుంచి 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డ్‌లు బయటపడ్డాయి. అవి ఎలాంటి రక్షణ లేకుండా, కొట్టినవి కొట్టినట్టే దాచి ఉన్నాయి. అందులో అందరికంటే ఎక్కువ మంది వాడిన పాస్‌వర్డ్ 123456.

అన్నిటికంటే పాఠం నేర్పేది బ్రిటన్‌లోని టాక్‌టాక్ కథ. 2015 అక్టోబర్‌లో ఆ టెలిఫోన్ కంపెనీ సైట్ నుంచి 1,56,959 మంది వివరాలు పోయాయి. వాళ్లలో 15,656 మంది బ్యాంకు ఖాతా నంబర్లూ పోయాయి. రంధ్రం ఎక్కడుంది? 2009లో కొన్న మరో కంపెనీతో పాటు వచ్చిన మూడు పాత పేజీల్లో. ఆ పేజీలు ఇంకా నడుస్తున్నాయన్న సంగతే టాక్‌టాక్‌కు పట్టలేదు. అదే ఏడాది జూలైలో, సెప్టెంబర్‌లో ఇదే రకం దాడులు జరిగినా మేలుకోలేదు. 2016లో అక్కడి సమాచార కమిషనర్ నాలుగు లక్షల పౌండ్ల జరిమానా వేశారు. ఈ కేసులో నేరం ఒప్పుకున్నవాళ్లలో ఒకడు 17 ఏళ్ల కుర్రాడు. స్నేహితుల ముందు గొప్ప కోసం చేశానని కోర్టులో చెప్పాడు.

2023 మే నెలలో మూవ్‌ఇట్ అనే ఫైళ్లు పంపే సాఫ్ట్‌వేర్‌లో ఇదే లోపం దొరికింది. ఆ ఒక్క లోపంతో ప్రపంచవ్యాప్తంగా రెండు వేలకు పైగా సంస్థల డేటా దొంగల చేతికి వెళ్లింది. లోపం బయటపడిన పాతికేళ్ల తర్వాత కూడా పరిస్థితి ఇది.

మన రాష్ట్రంలో తెరిచి ఉన్న గుమ్మం

2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ సైట్‌లో సుమారు 1,34,000 మంది లబ్ధిదారుల వివరాలు ఎవరైనా చూడగలిగేలా ఉన్నాయని హైదరాబాద్‌కు చెందిన పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, ఊరు, ఫోన్ నంబరుతో పాటు కులం, మతం కూడా అందులో ఉన్నాయి. ఇల్లు మంజూరు కావాలని ఇచ్చిన కాగితాల నుంచి, ఏ ఊళ్లో ఏ మతం వాళ్లు ఎంతమంది ఉన్నారో ఏరి చూసుకునే జాబితా తయారైందన్నమాట.

ఇది ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ కాదు. అక్కడ తాళం పగలగొట్టాల్సిన పని కూడా లేకపోయింది. కానీ నష్టపోయేవాళ్లకు రెండిటి ఫలితం ఒకటే. తాళమే లేని గుమ్మమైనా, సింగిల్ కోట్‌తో ఊడిపోయే తాళమైనా, లోపలి వరుసలు బయటివాళ్ల చేతిలో పడతాయి. ఆ వరుసలో మతం గడి కూడా ఉందంటే, మైనారిటీ కుటుంబాలకు అది నంబరు పోవడంతో ఆగే విషయం కాదు.

సైట్ చేసే పిల్లలకు: అసలు మందు

మందు ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: వచ్చినవాడు కొట్టిన మాట ఆజ్ఞలో భాగం కాకూడదు.

మళ్లీ రేషన్ డిపో చీటీకి వద్దాం. ఈసారి అచ్చు వేసిన చీటీని ముందే డిపోకు పంపేస్తారు. సరుకు ఇచ్చేవాడు చదివి, ఏం చేయాలో అర్థం చేసుకుంటాడు. పేరు తర్వాత విడిగా, మూసిన కవర్‌లో వస్తుంది. కవర్‌లో ఏం రాసినా అది పేరు మాత్రమే. "గోదాము మొత్తం ఇచ్చేయండి" అని రాస్తే, ఆ పేరు గల మనిషి ఎవరూ లేరని చెప్పి ఊరుకుంటాడు.

కంప్యూటర్‌లో దీన్ని ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ అంటారు, పారామీటర్ క్వెరీ అని కూడా అంటారు. పీహెచ్‌పీలో పీడీఓ, మైఎస్‌క్యూఎల్ఐ రెండిటిలోనూ ఈ సౌకర్యం ఉంది. జావాలో ప్రిపేర్డ్‌స్టేట్‌మెంట్ అనే పేరుతోనే ఉంది. పైథాన్, డాట్‌నెట్, నోడ్ అన్నిటిలోనూ ఉంది. ఆజ్ఞలో పేరు ఉండాల్సిన చోట ప్రశ్న గుర్తు పెట్టి, పేరును విడిగా అందిస్తారు. అదనంగా రెండు మూడు వరుసల కోడ్, పైసా ఖర్చు లేదు. అప్పుడు సా'ద్ కూడా తన పేరు తనలాగే కొట్టుకోవచ్చు, దాడి చేసేవాడి మాట కూడా ఒట్టి మాటగానే మిగిలిపోతుంది.

పాత పాఠాలు చూసి నేర్చుకునే పిల్లలు ఒకటి గమనించాలి. పీహెచ్‌పీలో 'మైఎస్‌క్యూఎల్ అండర్‌స్కోర్'తో మొదలయ్యే పాత ఫంక్షన్లను 2015 డిసెంబర్‌లో వచ్చిన 7వ వెర్షన్‌లో పూర్తిగా తీసేశారు. అవి వాడే పాఠం ఏదైనా కాలం చెల్లిందే. డాట్ లేదా ప్లస్ గుర్తుతో పేరును ఆజ్ఞకు అతికించే కోడ్ ఎక్కడ కనిపించినా, అది పుస్తకంలో ఉన్నా, వీడియోలో ఉన్నా, ఏఐ రాసిచ్చినా, మార్చాల్సిందే.

లారవెల్, జాంగో లాంటి ఫ్రేమ్‌వర్క్‌లు ఈ పని చాలావరకు వాటంతట అవే చేస్తాయి. అయితే వాటిలోనూ ఆజ్ఞను సొంతంగా రాసుకునే వీలు ఉంది. అక్కడ మాటలు అతికిస్తే పాత కథే. ఇంకో చిక్కు: పట్టిక పేరు, ఏ గడి ప్రకారం వరుస పెట్టాలి అనేవి ప్రశ్న గుర్తుతో పంపలేం. అలాంటి చోట ఒప్పుకునే పేర్ల జాబితా ముందే రాసిపెట్టుకుని, అందులో ఉన్నదాన్నే తీసుకోవాలి.

సింగిల్ కోట్‌ను నిషేధిస్తే సరిపోదా?

చాలామంది చేసే తప్పు ఇదే. పెట్టెలో సింగిల్ కోట్ కొట్టనివ్వకుండా అడ్డుపెడతారు. దీనివల్ల రెండు నష్టాలు. మొదటిది, సా'ద్, మస్'ఊద్ లాంటి మామూలు మనుషులు తమ పేరు తాము రాసుకోలేరు. సర్టిఫికెట్‌లో ఒక స్పెల్లింగ్, సైట్‌లో ఒక స్పెల్లింగ్ అయి తర్వాత తిరుగుడు మొదలవుతుంది. రెండోది, నంబర్లు తీసుకునే చోట కోట్ గుర్తే అవసరం లేకుండా దాడి చేయవచ్చు. పైగా బ్రౌజర్‌లో పెట్టిన అడ్డును దాటడం తేలిక, ఎందుకంటే దాడి చేసేవాడు ఆ పేజీ తెరవకుండానే సర్వర్‌కు నేరుగా పంపగలడు.

వచ్చినదాన్ని సర్వర్‌లో పరీక్షించడం మంచిదే. ఫోన్ నంబరు చోట పది అంకెలే ఉండాలి, పుట్టిన తేదీ తేదీలాగే ఉండాలి. కానీ ఇది రెండో తాళం. మొదటి తాళం ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్.

మిగతా తాళాలు

పాస్‌వర్డ్‌లను ఉన్నవి ఉన్నట్టు దాచకూడదు. బీక్రిప్ట్ లేదా ఆర్గాన్2 పద్ధతిలో హ్యాష్ చేసి దాచాలి. పీహెచ్‌పీలో ఇందుకు రెడీమేడ్ ఫంక్షన్ ఉంది. హ్యాష్ అంటే పిండి పట్టినట్టే: గోధుమల నుంచి పిండి వస్తుంది గానీ పిండి నుంచి గోధుమలు రావు. పాత ఎండీ5 పద్ధతి ఇప్పుడు పనికిరాదు. ఇంకోమాట, పాస్‌వర్డ్‌ను హ్యాష్ చేసినంత మాత్రాన లాగిన్ పేజీకి రక్షణ వచ్చినట్టు కాదు. పేరు పెట్టె ఇంకా తెరిచే ఉంటుంది.

సైట్ డేటాబేస్‌లోకి ఏ ఖాతాతో వెళ్తుందో చూడాలి. చాలా చిన్న సైట్లు రూట్ అనే సర్వాధికారి ఖాతాతో నడుస్తాయి. ఇంటి తాళాలన్నీ ఒకే గుత్తికి కట్టి గుమ్మానికి తగిలించినట్టు ఉంటుంది ఇది. మార్కులు చూపించే పేజీకి చదివే హక్కు ఉంటే చాలు, చెరిపే హక్కు దేనికి?

ఎర్రర్ వస్తే డేటాబేస్ చెప్పిన మాటలు తెర మీద చూపించకూడదు. అవి దాడి చేసేవాడికి దారి చెబుతాయి. "ఇప్పుడు వీలు కాలేదు, కాసేపాగి ప్రయత్నించండి" అని చూపించి, అసలు ఎర్రర్‌ను లాగ్‌లో రాసుకోవాలి. తప్పు పాస్‌వర్డ్ పదే పదే కొడితే కాసేపు ఆపేయాలి. అడ్మిన్‌కు ఓటీపీ లాంటి రెండో పరీక్ష పెట్టాలి.

లాగిన్ ఒక్కటే చూసుకుంటే సరిపోదు. పాస్‌వర్డ్ మర్చిపోయారా, వెతకండి, రిజల్ట్ చూడండి, అడ్రసు బార్‌లో కనిపించే నంబరు, కుకీలు, ఇవన్నీ గుమ్మాలే. టాక్‌టాక్‌ను ముంచింది ఎవరూ చూడని పాత పేజీలే. వాడని పేజీలు తీసేయాలి. వర్డ్‌ప్రెస్ సైట్ అయితే ప్లగిన్లు ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయాలి. బ్యాకప్‌ను వేరే చోట ఉంచాలి. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తుపానుల్లో రోజుల తరబడి కరెంటు లేని ఈ జిల్లాలకు, ఒకే గదిలో కాపీ పెట్టుకుంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

పరీక్ష చేయడం, హద్దు దాటడం

తన సైట్ గట్టిదో కాదో తెలుసుకోవడానికి ఓవాస్ప్ సంస్థ వాళ్ల పాఠాలు, జాప్ లాంటి ఉచిత పరికరాలు ఉన్నాయి. వాటిని సొంత కంప్యూటర్‌లో, సైట్ కాపీ మీద నడపాలి. నేర్చుకోవడానికే కావాలని లోపాలతో తయారుచేసిన డీవీడబ్ల్యూఏ లాంటి సైట్లూ దొరుకుతాయి.

వేరేవాళ్ల సైట్ మీద సరదాకైనా ప్రయోగం చేయకూడదు. అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి దూరడం ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద నేరం. మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. గొప్ప కోసం చేసిన పని కోర్టుకు ఈడ్చుకెళ్తుందని టాక్‌టాక్ కుర్రాడి కథ చెబుతోంది. ఎక్కడైనా లోపం కంటపడితే డేటా ముట్టుకోకుండా ఆ సంస్థకు, లేదా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయడం సరైన దారి.

కమిటీలు, స్కూళ్లు, తల్లిదండ్రులు అడగాల్సినవి

సైట్ పెట్టించే పెద్దలకు కోడ్ రాకపోయినా పర్వాలేదు. డబ్బు ఇచ్చే ముందు ఈ ప్రశ్నలు అడిగితే చాలు.

1. అన్ని క్వెరీలూ ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌తోనే రాశావా బాబూ? అవునంటే ఒకటి తెరిచి చూపించు.
2. పాస్‌వర్డ్‌లు ఎలా దాచావు? "నేను చూసి చెప్పగలను" అన్నాడంటే హ్యాష్ చేయలేదన్నమాట.
3. సా'ద్ అనే పేరుతో మా ముందే ఒక ఖాతా తెరిచి చూపిస్తావా? పేరు అలాగే సేవ్ కావాలి, ఎర్రర్ రాకూడదు.
4. నువ్వు ఉద్యోగానికి హైదరాబాదో గల్ఫో వెళ్లిపోతే అప్‌డేట్లు, బ్యాకప్‌లు ఎవరు చూస్తారు?
5. ఈ గడి నిజంగా అవసరమా? ఆధార్ నంబరు, మతం, ఆడపిల్ల ఫోటో లేకుండా పని జరగదా?

చివరి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. లేని డేటాను ఏ దొంగా ఎత్తుకుపోలేడు. చందా డబ్బు ఎలా అమానతో, ఇచ్చినవాళ్ల పేర్లూ నంబర్లూ అలాగే అమానత్. సాయం అందిపోయాక ఆ కుటుంబం వివరాలు సైట్‌లో ఉంచాల్సిన పని లేదు.

సైట్‌లో వివరాలు ఇచ్చే కుటుంబాలు కూడా కొన్ని పాటించాలి. ప్రతి సైట్‌కు వేరే పాస్‌వర్డ్ పెట్టుకోవాలి. స్కూలు సైట్ పాస్‌వర్డే ఈమెయిల్‌కూ పెడితే, స్కూలు సైట్ ఊడిన రోజు ఈమెయిల్ కూడా పోతుంది. "పాస్‌వర్డ్ మర్చిపోయాను" అంటే ఏ సైట్ అయినా పాత పాస్‌వర్డ్‌నే మెసేజ్‌లో పంపిందంటే, అది ఉన్నది ఉన్నట్టు దాచుకుంటోందని అర్థం. అక్కడ కొత్త వివరాలు ఇవ్వకపోవడమే మంచిది.

జరగరానిది జరిగితే

సైట్ నడిపేవాళ్లు ముందుగా సైట్‌ను ఆపాలి గానీ లాగ్‌లను చెరపకూడదు. దాడి ఎలా జరిగిందో చెప్పేవి అవే. డేటాబేస్, అడ్మిన్ పాస్‌వర్డ్‌లు మార్చి, రంధ్రం పూడ్చాకే మళ్లీ తెరవాలి. కంపెనీలు, సంస్థలు సైబర్ దాడి సంగతి తెలిసిన 6 గంటల్లోపు తెలియజేయాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, తగిన భద్రత పెట్టని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. ఆ చట్టం నియమాలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి.

అన్నిటికీ ముందు, వివరాలు పోయిన కుటుంబాలకు చెప్పాలి. పరువు పోతుందని దాచిపెడితే, ఆ వివరాలతో వచ్చే దొంగ ఫోన్లకు వాళ్లే బలవుతారు. పిల్లల పేరు, స్కూలు, తండ్రి ఫోన్ నంబరు తెలిసినవాడు "మీ అబ్బాయి స్కాలర్‌షిప్ ఆగిపోయింది" అంటే ఎవరైనా నమ్ముతారు. కుటుంబాలు వెంటనే పాస్‌వర్డ్‌లు మార్చుకోవాలి, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో గానీ, దగ్గరి పోలీసు స్టేషన్‌లో గానీ ఫిర్యాదు ఇవ్వాలి. ఫోటోలు బయటపడి ఎవరైనా బెదిరిస్తే ఆ పోర్టల్‌లో మహిళలు, పిల్లల ఫిర్యాదులకు ప్రత్యేక విభాగం ఉంది. అక్కడ పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చు.

ఇక ఆ తండ్రి సంగతి. "మీ పేరుతోనే ప్రాబ్లమ్" అన్నప్పుడు ఆయన ఆ గుర్తు తీసేసి ఊరుకుంటే, ఫారం ఆ రోజుకు ఎక్కుతుంది, రంధ్రం మాత్రం అలాగే ఉండిపోతుంది. అదే ఆయన "బాబూ, నీ సైట్ ఒకసారి చూపించుకో, నా కొడుకు పేరు సరైనదే" అని చెబితే, ఆ సైట్‌లో ఉన్న మిగతా పిల్లల వివరాలకూ మేలు చేసినవాడవుతాడు.